మొదట చదవవలసిన మనిషి: మెస్త్రె పస్తీన్యా

కాపొయెరా నేర్చుకునేవాళ్ళు ఏమేం చదవాలి అన్న ప్రశ్నకు జవాబుగా ఓ పుస్తకాల జాబితా రాసి చేతిలో పెట్టడం పెద్ద పనేమీ కాదు. అటువంటి జాబితా ఈ వ్యాసంలోనూ ఉంది. కాని నా మట్టుకు నాకు, పుస్తకాల కంటే ముందు ఒక మనిషి జీవితాన్ని చదవాలనిపిస్తుంది. ఆయన పేరు విసెంతె ఫెరీరా పస్తీన్యా. బ్రెజిల్ దేశంలో, బాహియా రాష్ట్రపు రాజధాని సాల్వడార్ నగరంలో పుట్టి, అక్కడే కన్నుమూసినవాడు. లోకం ఆయన్ని మెస్త్రె పస్తీన్యా అంటుంది.

మెస్త్రె అంటే పోర్చుగీసు భాషలో గురువు, పనిలో ఆరితేరినవాడు. ఇల్లు కట్టేచోట మనం రోజూ పిలిచే మేస్త్రి ఈ మాటే! పోర్చుగీసు ఓడలతోపాటు మన తీరానికి వచ్చి మన మాటైపోయింది. కాబట్టి ఆయన్ని పస్తీన్యా మేస్త్రి అని పిలుచుకున్నా తప్పులేదు. ఆ మాటకొస్తే ఆయన రంగులు వేసే పనీ చేశాడు, సాల్వడార్ రేవు కట్టడం పనుల్లో కూలీగానూ చెమటోడ్చాడు.

కాపొయెరా ఎరగని పాఠకుల కోసం రెండు మాటలు. జనం గుండ్రంగా చేరతారు. ఆ వలయాన్ని రోడా అంటారు. ఒక పక్కన వాద్యగాళ్ళు. వాద్యాల్లో పెద్దరికం బెరింబావ్‌ది. విల్లులా వంచిన కర్ర, దానికి బిగించిన ఉక్కుతీగ, కర్ర కింది భాగాన కట్టిన ఎండు బుర్ర — ఇదీ దాని స్వరూపం. సన్నని పుల్లతో తీగను కొడుతూ, రాయినో నాణేన్నో తీగకు తాకిస్తూ స్వరం మారుస్తారు. ఆ వాద్యం నెమ్మదిగా మోగితే లోపల ఇద్దరూ నెమ్మదిగా ఆడాలి. జోరందుకుంటే జోరుగా ఆడాలి. ఒకడు కాలు విసిరితే రెండోవాడు దాన్ని చేత్తో ఆపడు. ఒంగి తప్పుకుంటాడు, తప్పుకుంటూనే తన కాలు విసురుతాడు. తలతో గుద్దడం ఉంది, కాలికి కాలు అడ్డుపెట్టి పడగొట్టడం ఉంది, వెళ్ళిపోతున్నట్టు నటించి వెనక్కి తిరగడమూ ఉంది. ఇది యుద్ధవిద్యా, నాట్యమా, ఆటా అంటే మూడూను. మన సాము గరిడీలు చూసినవారికి కొంత పోలిక తోచవచ్చు గాని, ఇక్కడ పాట ఆగితే ఆట ఆగిపోతుంది.

ఈ విద్య ఎవరిది? ఆఫ్రికా నుంచి సంకెళ్ళతో తెచ్చిన బానిసలది, వారి సంతానానిది. అమెరికా ఖండాలన్నింటిలోకీ బానిసత్వాన్ని ఆఖరున రద్దు చేసిన దేశం బ్రెజిల్. ఆ రద్దు చట్టం మీద సంతకం పడింది 1888 మే 13న. ఏడాది తిరగకముందే, 1889 ఏప్రిల్ 5న, పస్తీన్యా పుట్టాడు. తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన చిన్న వ్యాపారి. తల్లి నల్లజాతి స్త్రీ. బట్టలు ఉతికి, అకరజే అమ్మి సంసారం ఈదేది. అకరజే అంటే మరేంలేదు, అలసందలు రుబ్బి పామాయిల్లో వేయించే వడ.

పిల్లవాడికి ఏడాదిన్నర వయసప్పుడు, 1890 అక్టోబరులో, కొత్త రిపబ్లిక్ ప్రభుత్వం శిక్షాస్మృతి తెచ్చింది. అందులో కాపొయెరాను పేరుపెట్టి మరీ నేరం చేశారు. వీధిలో ఆడుతూ దొరికితే 2 నుంచి 6 నెలల జైలు. అదే ఏడాది డిసెంబరులో ఆర్థికమంత్రి రూయీ బర్బోజా బానిసత్వానికి సంబంధించిన ప్రభుత్వ కాగితాలను తగలబెట్టమని ఉత్తరువిచ్చాడు. ఆయనా సాల్వడార్ బిడ్డే! మాజీ యజమానులు నష్టపరిహారం కోసం దావాలు వెయ్యకుండా చెయ్యడానికే ఇలా చేశాడని చెబుతారు. కారణం ఏదైనా కానీయండి, ఒక జాతి గతానికి సంబంధించిన కాగితాలు చాలా బూడిదైపోయాయి. మిగిలినవి ఏమిటి? పోలీసు రికార్డులు. ఫలానా రోజున ఫలానావాణ్ణి కాపొయెరా ఆడుతుండగా పట్టుకున్నాం అన్న చిట్టాలు. కాపొయెరా గురించిన తొలి రాతల్లో ఎక్కువభాగం దాన్ని పట్టుకుని కొట్టినవాళ్ళు రాసినవే. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే గాని, పస్తీన్యా చేసిన పని విలువ మనకు బోధపడదు.

చిన్నప్పుడు ఆయన బక్కపలచని పిల్లవాడు. వీధిలో ఒనొరాతో అనే పెద్ద కుర్రాడు కనబడ్డప్పుడల్లా కొట్టేవాడు. ఇతను ఏడుస్తూ ఇంటికి పోయేవాడు. ఎదురింటి కిటికీలోంచి బెనెదీతో అనే ఆఫ్రికా ముసలాయన ఈ తంతు చూస్తుండేవాడు. ఒకరోజు పిల్లవాణ్ణి పిలిచి, గాలిపటాలు ఎగరేస్తూ పాడుచేసుకునే వేళలో తన గుడిసెకు వస్తే పనికొచ్చే విద్య నేర్పుతానన్నాడు. పస్తీన్యా వెళ్ళాడు, నేర్చుకున్నాడు. తర్వాత ఒనొరాతో మళ్ళీ మీదికి వస్తే ఒక్క దెబ్బతో తగువు తీరిపోయింది. కొట్టేవాడు కాస్తా స్నేహితుడయ్యాడు. ఈ కథను పస్తీన్యా ముసలితనంలో ఎందరికో చెప్పాడు. చట్టం నేరమన్న విద్యను ఒక ముసలి ఆఫ్రికావాడు ఏడ్చే పిల్లవాడి కోసం తలుపు తెరిచి నేర్పాడు. నాకు ఇందులో నచ్చేది గెలుపు కాదు, ఆ తెరిచిన తలుపు.

పన్నెండేళ్ళప్పుడు పస్తీన్యా నౌకాదళపు బాలుర శిక్షణ పాఠశాలలో చేరాడు. అక్కడ తోటి కుర్రాళ్ళకు కాపొయెరా నేర్పాడు. బయటికి వచ్చాక పొట్టకూటికి చెయ్యని పని లేదు. బూట్లు తుడిచాడు, పత్రికలు అమ్మాడు, బట్టలు కుట్టాడు, బంగారం కోసం గనుల వెంట తిరిగాడు, జూదశాల ముందు కాపలా కాశాడు. చిత్రలేఖనం మీద ఇష్టం ఉండేది. అవకాశం దొరికినప్పుడు రంగుల పని చేసేవాడు. కొన్నాళ్ళు శిష్యుల్ని చేర్చుకుని నేర్పాడు, తర్వాత చాలా ఏళ్ళు రోడాలకు దూరంగానే బతికాడు.

ఈలోగా సాల్వడార్‌లో మరో మహానుభావుడు లేచాడు. మెస్త్రె బింబా. అసలు పేరు మనోయెల్ దొస్ రేయిస్ మషాదో. 1930లలో ఆయన నాలుగు గోడల మధ్య పాఠశాల పెట్టి, పాఠాల క్రమం ఏర్పరచి, చురుకైన కొత్త పద్ధతి తయారుచేశాడు. దానికే రీజినల్ అని పేరు వచ్చింది. 1937లో ఆయన పాఠశాలకు ప్రభుత్వ గుర్తింపు దొరికింది. 1953లో దేశాధ్యక్షుడు జెతూలియో వార్గాస్ ఎదుట ప్రదర్శన ఇచ్చాడు. 1940లో వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో కాపొయెరా నేరాల జాబితా నుంచి తప్పుకుంది. నిన్నటి నేరస్థుడు నేటి క్రీడాకారుడు అయ్యాడన్నమాట. బింబా చేసిన మేలును తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన తలుపు తట్టకపోతే అది తెరుచుకునేదా అన్నది ఆలోచించవలసిందే.

కాని గుర్తింపు వచ్చిన చోట ఒక భయమూ వస్తుంది. వీధిలో, రేవులో, పండుగ సంతల్లో పాత పద్ధతిలో నెమ్మదిగా, కొంటెతనంగా, నేల కరుచుకుని ఆడే ఆట ఏమైపోతుంది? ఆ ఆటను ఆడేవారు దానికి అంగోలా అని పేరు పెట్టుకున్నారు. 1941 ఫిబ్రవరి 23న పస్తీన్యా పూర్వశిష్యుడు అబెర్రె ఆయన్ని లిబెర్దాదె పేటలోని ఒక ఆదివారపు రోడాకు పిలుచుకుపోయాడు. పేరుమోసిన పాతకాపులంతా అక్కడ ఉన్నారు. ఆ రోడా బాధ్యత చూసే అమోర్జీన్యో అనే రక్షకభటుడు, ఇకమీదట దీన్ని నువ్వే నడిపించాలంటూ పస్తీన్యా చేతుల్లో పెట్టాడు. పూర్వం ఏ కొలువు వాళ్ళు ఈ ఆటగాళ్ళను జైళ్ళకు ఈడ్చారో, ఆ కొలువు మనిషే దీన్ని కాపాడమని అప్పగించడం విచిత్రం కాదూ? పస్తీన్యాకు అప్పటికి 51 ఏళ్ళు నిండి 52వ ఏడు నడుస్తోంది. చాలామంది విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో ఆయన అసలు పని మొదలుపెట్టాడు.

ఆయన పెట్టిన సంస్థ పేరు కాపొయెరా అంగోలా క్రీడాకేంద్రం. 1952లో దాన్ని చట్టప్రకారం రిజిస్టరు చేయించాడు. నియమావళి రాశాడు. శిష్యులకు నల్ల ప్యాంటు, పసుపు చొక్కా ఏర్పాటు చేశాడు. అవి తాను అభిమానించే ఇపిరాంగా ఫుట్‌బాల్ జట్టు రంగులు! వాద్యబృందం ఎలా కూర్చోవాలో, ఆట ఎలా మొదలై ఎలా ముగియాలో క్రమం పెట్టాడు. దొంగదెబ్బలు, కళ్ళు పొడిచే దెబ్బలు సాధనలో కూడదన్నాడు. 1955లో సంస్థ పెలోరీన్యో కూడలిలోని 19వ నంబరు భవనానికి మారింది. పెలోరీన్యో అంటే బానిసల్ని కట్టేసి కొరడాలతో కొట్టే స్తంభం. ఆ కూడలికి ఆ పేరు ఊరికే రాలేదు. అటువంటి చోట, మేడమీద గదిలో, సాయంకాలం పూట బెరింబావ్ మోగించి ఆ బానిసల మనవల చేత ఆడించాడు పస్తీన్యా. నవలాకారుడు జార్జి అమాదో, చిత్రకారుడు కారిబె వంటివారు ఆయనకు ఆత్మీయులు. దేశవిదేశాల యాత్రికులు వచ్చి చూసి పోయేవారు.

ఇక పుస్తకం సంగతి. కాపొయెరా మీద అంతకుముందు పుస్తకాలు లేకపోలేదు. రియో నగరంలో అనీబల్ బుర్లామాకీ 1928లోనే ఒకటి వేశాడు. అయితే అది కాపొయెరాను జాతీయ వ్యాయామంగా దిద్దాలన్న ప్రయత్నం. నల్లవారి పాటకూ బెరింబావ్‌కూ అందులో చోటు లేదు. పస్తీన్యా చదివింది కొద్దిపాటి బడి చదువు. అయినా ఏళ్ళ తరబడి నోటుపుస్తకాల్లో తనకు తోచింది రాస్తూ, ఆటగాళ్ళ బొమ్మలు గీస్తూ వచ్చాడు. 1964లో, 75వ ఏట, ఆయన పేరిట కాపొయెరా అంగోలా అన్న చిన్న గ్రంథం అచ్చయింది. ఆఫ్రికా మూలాలు, వాద్యాలు, పాటలు, దెబ్బలు, వాటిని తప్పుకునే తీరు, ఆటగాడికి ఉండవలసిన నడవడి — ఇవన్నీ ఆయన దృష్టిలో ఒకే విద్య. పోలీసు చిట్టాలో నిందితుడిగా మాత్రమే కనబడ్డ మనిషి, ఇక్కడ గ్రంథకర్తగా నిలబడ్డాడు. తన విద్య గురించి తానే సాక్ష్యం చెప్పాడు. నేర్చుకునేవారు మొదట దీన్ని చదవాలని నేననడానికి కారణం ఇదే.

దీన్ని చదివి కాలు ఎలా విసరాలో నేర్చుకోవచ్చా అంటే, నేర్చుకోలేం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. శరీరంతో వచ్చే విద్య శరీరం నుంచే రావాలి. పుస్తకం చెప్పేది వేరు: ఈ దెబ్బ ఎవరిది, ఈ పాట ఎందుకు, ఎదుటివాడు పడిపోయినప్పుడు నువ్వేం చెయ్యాలి అన్నది. ఆయన రాసిన ప్రతిదాన్నీ అచ్చంగా చరిత్ర అనుకోనక్కరలేదు కూడాను. మూలాల విషయంలో పండితుల మధ్య ఈనాటికీ వాదం ఉంది. అంగోలాలో జీబ్రాల పోట్లాటను అనుకరించే ఒక నాట్యం నుంచి ఈ ఆట పుట్టిందన్న కథ ఆయన నోట ప్రచారమైంది. దానికి అంగోలా చిత్రకారుడు ఒకాయన చెప్పిన మాటే ఆధారం. కొందరు చరిత్రకారులు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. చదివేవాడు రెండు పక్షాలూ వినాలి.

1966 ఏప్రిల్‌లో సెనెగల్ రాజధాని డకార్‌లో మొట్టమొదటి ప్రపంచ నల్లజాతి కళోత్సవం జరిగింది. బ్రెజిల్ బృందంలో పస్తీన్యా, శిష్యులు వెళ్ళారు. బానిస ఓడల్లో దాటించబడ్డవారి వారసుడు 77 ఏళ్ళ వయసులో, అతిథిగా, విమానంలో ఆఫ్రికా గడ్డ మీద దిగాడు. 1972లో కయెతానో వెలోసో పాడిన ఒక పాటలో కూడా ఈ ప్రయాణం ప్రస్తావన ఉంది. 1969లో పస్తీన్యా, ఆయన శిష్యులు పాడిన పాటలతో గ్రామఫోను రికార్డు వచ్చింది. పేరు దేశమంతా పాకింది.

పేరు వచ్చింది సరే, అన్నం వచ్చిందా? ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. అప్పటికే చూపు మందగించింది. 1970ల మొదట్లో పెలోరీన్యో పాత భవనాలను బాగుచేసి యాత్రికులకు తీర్చిదిద్దాలని ప్రభుత్వం పూనుకుంది. 19వ నంబరు ఖాళీ చెయ్యమన్నారు. పని పూర్తయ్యాక తిరిగి ఇస్తారన్న ఆశతో ముసలాయన బయటికి వచ్చాడు. బాగుచేశారు గాని ఆయనకు తిరిగి ఇవ్వలేదు. అక్కడ రెస్టారెంటు వెలిసింది! బల్లలు, వాద్యాలు, జ్ఞాపకాలు చాలావరకు పోయాయి. ఆయన చిన్న గదిలోకి మారాడు. భార్య మరియా రొమేలియా వీధిలో అకరజే అమ్మి పోషించింది. తల్లి అలసంద వడలతో మొదలైన బతుకు, భార్య అలసంద వడలతో సాయంకాలానికి చేరింది. పక్షవాతం వచ్చింది, చూపు పూర్తిగా పోయింది. చివరికి వృద్ధుల ఆశ్రమంలో చేర్చారు. 1981 నవంబరు 13న, 92వ ఏట, పస్తీన్యా కన్నుమూశాడు. బింబా గతీ దాదాపు ఇంతే. సాల్వడార్‌లో ఆదరణ లేదని 1973లో గొయానియాకు వలసపోయి, 1974 ఫిబ్రవరి 5న అక్కడే పోయాడు. పద్ధతులు వేరైనా ఇద్దరికీ దక్కిన బహుమానం ఒక్కటే.

అయితే విద్య చావలేదు. శిష్యుల్లో జువావ్ పెకేనో 1982లో సాల్వడార్‌లోని సాంతో అంతోనియో కోటలో గురువు పాఠశాలను తిరిగి తెరిచాడు. 2011లో పోయేదాకా దాన్ని నిలబెట్టాడు. మరో శిష్యుడు జువావ్ గ్రాండి 1990లో న్యూయార్క్ చేరి అక్కడ నేర్పాడు. 2001లో అమెరికా ప్రభుత్వపు కళాసంస్థ ఆయనకు జాతీయ వారసత్వ పురస్కారం ఇచ్చింది. 2014లో కాపొయెరా రోడాను యునెస్కో మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. జైలుశిక్ష నుంచి యునెస్కో దాకా 124 ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు జాబితా. మొదటిది చెప్పాను: పస్తీన్యా 1964 గ్రంథం. దానికి తోడుగా ఆయన నోటుపుస్తకాలను 1990లలో డాక్టర్ ఆంజెలో దెకానియో వెలుగులోకి తెచ్చాడు. ఈ దెకానియో ఎవరనుకున్నారు? బింబా శిష్యుడు! పోటీ అనుకున్న పక్షంవాడే ఆ వారసత్వాన్ని భద్రపరిచాడు. రెండోది వల్దెలొయిర్ రేగో 1968లో వేసిన పెద్ద గ్రంథం; బాహియా కాపొయెరా పాటలు, ఆచారాలు, మనుషులు ఇందులో ఉంటారు. బింబా పక్షం తెలుసుకోవాలంటే ఆయన శిష్యుడు బీరా అల్మేదా 1986లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఉంది. అడుగులు, దెబ్బలు బొమ్మలతో కావాలనుకునే కొత్తవారికి నెస్తోర్ కాపొయెరా చిన్న పుస్తకం పనికొస్తుంది. రియో పోలీసు రికార్డులు తవ్వి కార్లోస్ ఎవుజేనియో లీబనో సోవారిస్ రాసిన చరిత్ర చదివితే, శత్రువు రాసిన కాగితంలోంచి నిజం ఎలా రాబట్టాలో తెలుస్తుంది. మతియాస్ అసున్సావ్ 2005లో ఇంగ్లీషులో వేసిన చరిత్ర అన్ని వాదాలనూ తూకం వేస్తుంది. లోవెల్ లూయిస్ 1992లోనూ, గ్రెగ్ డౌనీ 2005లోనూ వేసిన గ్రంథాలు తామే రోడాలో దిగి నేర్చుకున్న పండితులవి. చదువుకూ చెమటకూ పొత్తు ఎలా కుదురుతుందో చూడాలనుకునే విద్యార్థులకు ఇవి మంచి నమూనాలు.

విద్యార్థి మిత్రులారా, ఈ పుస్తకాల్లో చాలావాటికి ఆధారం ముసలి మేస్త్రులు చెప్పిన మాటలే. పస్తీన్యా తన సంగతి తాను రాసుకున్నాడు కాబట్టి మనకు దక్కింది. రాసుకోలేని బెనెదీతో గురించి మనకు తెలిసింది ఒక కిటికీ, ఒక గుడిసె, అంతే. మన ఊళ్ళలోనూ కర్రసాము నేర్పే తాతలు, డప్పు దరువులు నోటికి తెలిసిన పెద్దలు ఉన్నారు. వారి దగ్గర కూర్చుని రాసుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. వారు బతికి ఉండగానే ఆ పని చెయ్యాలి; వారికి నాలుగు మెతుకులూ, నేర్పుకోవడానికి ఓ గదీ దక్కేటట్టు చూడాలి. పెలోరీన్యో 19వ నంబరు గది పోయాక పస్తీన్యా పదేళ్ళు బతికాడు. ఆ పదేళ్ళలో ఆయనకు కావలసింది శాలువా కాదు, ఆ గది.